కాలింగ్ బెల్ నొక్కితే కంప్యూటర్ ఆన్!

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయాలంటే కాలింగ్ బెల్ నొక్కాలి. జోక్ కాదు. బల్ల అంచు కింద కుడిచేతి వైపు తెల్లటి పాత బెల్ స్విచ్ ఒకటుంది. మన చిన్నప్పుడు గుమ్మం పక్కన ఉండేదే, మధ్యలో గంట బొమ్మతో. దాన్ని నొక్కితే 'ట్రింగ్' అనదు. బల్ల లోపల ఫ్యాన్లు తిరగడం మొదలుపెడతాయి, మానిటర్ వెలుగుతుంది. ఎడమవైపు ఇంకో బెల్ ఉంది. అది మా చెల్లిది.

కొత్తగా వచ్చినవాళ్లంతా 'సీపీయూ ఎక్కడ్రా?' అని బల్ల కిందికి వంగి వెతుకుతారు. అక్కడ కాళ్లు చాపుకునే ఖాళీ తప్ప ఏమీ ఉండదు. అప్పుడు బల్ల మీద గ్లాసు చూపిస్తా. దాని కింద రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పడుకుని ఉంటాయి.

ఈ వారం కబుర్లు ఆ బల్ల గురించే. ఎలా చేశాం, ఎక్కడ తప్పాం, ఎంతయింది.. అన్నీ చెప్తా. 'ఎంతయింది' దగ్గరే అసలు గొడవ జరిగింది. అది చివర్లో.

ఒక గది.. రెండు డబ్బాలు

మియాపూర్‌లో మాది రెండు గదుల అద్దె ఫ్లాటు. చిన్న గది పదికి పది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. చెల్లి త్రీడీ యానిమేషన్ చేస్తుంది. రాత్రి రెండరింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేదాకా దాని కంప్యూటర్ పనిచేస్తూనే ఉంటుంది. ఆ పదడుగుల గదిలోనే రెండు టేబుళ్లు, రెండు క్యాబినెట్లు, రెండు యూపీఎస్‌లు. వైర్లయితే లెక్కే లేదు. ఆ గది ఊడ్చాలంటే అమ్మకి అరగంట పట్టేది. సగం రోజులు ఊడ్చేదే కాదు.

ఒకరోజు నాన్న ఆ వైర్లలో కాలు పడి తూలారు. దెబ్బేం తగల్లేదు. నాలుగు గంటలుగా నడుస్తున్న చెల్లి రెండర్ మాత్రం ఆగిపోయింది. చెల్లి ఏడుపు ముఖం, నా సారీలు అయ్యాక నాన్న కింద కూర్చుని ఆ వైర్లన్నీ కాసేపు చూశారు.

"వైర్లది కాదురా తప్పు. బల్లది. దీనికేం కావాలో తెలీకుండా చేశారెవరో" అన్నారు.

నాన్న వడ్రంగి. తణుకు దగ్గర మా ఊళ్లో ముప్పై అయిదేళ్లు తలుపులు, కిటికీలు, మంచాలు, బీరువాలు చేశారు. రెడీమేడ్ తలుపులు, మాడ్యులర్ అల్మరాలు వచ్చాక పని తగ్గింది. చివరికి బిగిసిన తలుపుల అంచులు చిత్రిక పట్టడానికి మాత్రమే పిలిచేవాళ్లు. పోయినేడాది పెంకుటిల్లు అమ్మేసి అమ్మనీ నాన్ననీ ఇక్కడికి తెచ్చేశాం. ఆయన పనిముట్లు గోనెసంచిలో చుట్టి మంచం కింద ఉన్నాయి. తాతయ్య చేసిన రెండు జతల టేకు తలుపుల్ని ఇల్లు కొన్నాయన మమ్మల్నే తీసుకెళ్లమన్నారు. అవి మా బాల్కనీలో గోడకి ఆనించి ఉన్నాయి.

అంతకుముందే ఒక ఇంటీరియర్ షాపులో అడిగితే ఇలాంటి బల్లకి 85 వేలు చెప్పారు. నేను ఆ వైర్ల వంకా, గోనెసంచి వంకా, తలుపుల వంకా చూశా. ఐడియా అలా వచ్చింది.

మౌస్ పుట్టింది చెక్కలోనే

చెక్కలో కంప్యూటరా అని ఆశ్చర్యపోవాల్సిన పనేం లేదు. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొట్టమొదటి మౌస్ ఒక చెక్క దిమ్మె. కింద రెండు చక్రాలు, పైన ఒక బటన్. 1976లో వచ్చిన యాపిల్-1 అయితే ఉత్త బోర్డుగానే అమ్మారు. పెట్టె, కీబోర్డు కొన్నవాళ్లే చూసుకోవాలి. చాలామంది చెక్కపెట్టెలు చేయించుకున్నారు. ఆ తర్వాత రేకు డబ్బాలొచ్చాయి, చెక్కని మర్చిపోయాం.

బల్లలోనే కంప్యూటర్ ఇమిడేలా అల్యూమినియంతో చేసిన డెస్కుల్ని లియాన్ లీ లాంటి తైవాన్ కంపెనీ అమ్మింది కూడా. మన జేబుకి అవి అందవు. పైగా మన గది కొలత వాళ్లకేం తెలుసు?

ముందు తలుపు కొలవండి

నేను లాప్‌టాప్‌లో డ్రాయింగ్ వేసి నాన్నకి చూపించా. ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మొత్తం ఒకే ముక్క. గర్వంగా అడిగా, 'ఎలా ఉంది?' అని.

"బావుంది. గదిలోకి ఎలా ఎళ్తది?" అన్నారు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు గోడకి రాసి పెట్టుకోవాల్సిన మాట ఇది. రేపు ఇల్లు మారితే? లిఫ్ట్‌లో పడుతుందా? మెట్ల మలుపులో తిరుగుతుందా? మా గది తలుపు తీస్తే లోపల ఖాళీ 33 అంగుళాలే. అందుకని కాళ్లు వేరు, పై పెట్టె వేరు, ముందు పలక వేరుగా చేసి నట్టు బోల్టులతో బిగించేలా మార్చాం. ఇప్పుడు ఒక స్పానర్‌తో అరగంటలో విప్పొచ్చు.

తర్వాత గొడవ మోకాళ్ల దగ్గర వచ్చింది. మదర్‌బోర్డుని బల్లలో పడుకోబెడితే గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద కూలర్ నిటారుగా నిలబడతాయి. చెల్లి కూలర్ ఎత్తే 16 సెంటీమీటర్లు. అంటే పెట్టె లోతు 7 అంగుళాలన్నా ఉండాలి. బల్ల అంతా అంత లోతుగా చేస్తే మోకాళ్లు కొట్టుకుంటాయి. నాన్న చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి టేపుతో మోకాలి ఎత్తు కొలిచారు, తర్వాత నన్ను. అప్పుడు తేలింది ఇది: బల్ల 30 అంగుళాల వెడల్పులో వెనక 17 అంగుళాలు మాత్రమే లోతు పెట్టె. ముందు 13 అంగుళాలు పల్చటి టేకు పలక. కీబోర్డు పలక మీద, మోకాళ్లు దాని కింద, కంప్యూటర్లు వెనక. మొత్తం ఎత్తు ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. కూర్చున్నప్పుడు మోచేయి ఎల్ ఆకారంలో వంగి, ముంజేయి బల్లకి సమానంగా ఉంటే ఆ ఎత్తు మీకు సరైనట్టు.

పొడవు ఆరడుగులు. పెట్టెలో ఎడమ గది చెల్లిది, కుడి గది నాది, ఒక్కోటీ 32 అంగుళాలు. మధ్యలో 5 అంగుళాల సందు వైర్లకి. ఫుల్ సైజు ఏటీఎక్స్ మదర్‌బోర్డు కొలత 305 బై 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ అయితే 244 బై 244. కాబట్టి బోర్డుకి చోటు సమస్య కాదు. గాలికి చోటే సమస్య. దాని సంగతి తర్వాత.

హార్డ్ డిస్క్ అయస్కాంతం

పెట్టె ప్లైవుడ్‌తో, కనిపించే భాగమంతా టేకుతో అనుకున్నాం. ప్లైవుడ్ కొనేటప్పుడు షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి. ఐఎస్ 710 అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం. వంటింటికి అయితే రెండోది మంచిది. బల్లకి మొదటిది సరిపోతుంది గానీ, వానాకాలం మా గది గోడ చెమర్చుతుంది కాబట్టి మేం రెండోదే తీసుకున్నాం.

టేకు కోసం తాతయ్య తలుపులు విప్పాలి. ఒక జత చాలు. నాన్న ఒక్కో చీలా సుత్తితో తట్టి తీస్తుంటే నేను పక్కనే కూర్చున్నా. పాత తలుపుల్లో అసలు చిక్కు కనపడని మేకులు. వాటి తలలు ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయి, మొలలు మాత్రం లోపల ఉండిపోతాయి. కోత మిల్లులో రంపం దానికి తగిలిందంటే పళ్లు పోతాయి. అందుకే మిల్లువాళ్లు 'మేకులన్నీ తీసి తెస్తేనే కోస్తాం' అన్నారు.

నా దగ్గర చచ్చిపోయిన హార్డ్ డిస్క్ ఒకటుంది. దాన్ని విప్పితే లోపల చిన్న అయస్కాంతాలు రెండుంటాయి, వేలు మధ్యలో పెడితే నలిగిపోయేంత బలంగా. ఒకదానికి దారం కట్టి చెక్క మీద మెల్లగా నడిపించా. మేకు ఉన్నచోట దారం పక్కకి లాగింది. నాన్న నా చేతిలోంచి అది తీసుకుని తలుపు రెక్కలు రెండూ తనే గాలించారు. పదకొండు మేకులు దొరికాయి. ఆ అయస్కాంతం మళ్లీ నాకివ్వలేదు. ఇప్పుడు ఆయన గోనెసంచిలో ఉంది.

చిత్రిక పడుతుంటే పైన నల్లబడిన పొర పోయి లోపల తేనె రంగు బయటపడింది. యాభై ఏళ్ల తర్వాత కూడా టేకు వాసన వచ్చింది. టెర్రస్ మీద పని, మే నెల ఎండ. పొద్దున ఆరున్నరకి ఎక్కి పదింటికి దిగిపోయేవాళ్లం. చప్పుడుకి పక్కింటివాళ్లు ఏమంటారో అని నేను భయపడితే, నాలుగో రోజు నుంచి వాళ్ల పిల్లలే పైకొచ్చి చిత్రిక పొట్టు ఏరుకునేవాళ్లు.

ఇక్కడే నాన్న చెప్పిన ఒక పాఠం. ముందు పలకని పెట్టెకి జిగురేసి గట్టిగా అతికించేద్దామన్నా నేను. ఒప్పుకోలేదు.

"కోసినంత మాత్రాన కర్ర కదలకుండా ఉండదురా. వానకి ఉబ్బుద్ది, ఎండకి ముడుచుకుద్ది. కట్టేస్తే చీలుద్ది."

నిజమే. చెక్క పొడవులో పెద్దగా మారదు గానీ, అడ్డంగా, అంటే గీతలకి అడ్డంగా, గాల్లో తేమని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పక్కన కంప్యూటర్ వేడి ఉంటే ఇంకా ఎక్కువ. అందుకని స్క్రూ బెజ్జాలు గుండ్రంగా కాకుండా కోలగా తీశారు. పలక కదిలితే స్క్రూ ఆ సందులో జరుగుతుంది, చెక్క చీలదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కాబట్టి దానికి ఈ బెడద చాలా తక్కువ.

మూడు మిల్లీమీటర్లు

ఇక నా తప్పు. ఒప్పేసుకుంటా.

పెట్టె పైన మూతగా 8 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు అనుకున్నాం. నాన్న భోజనానికి దిగినప్పుడు నేను ఉత్సాహం ఆగక కుడివైపు గది స్క్రూలు బిగించేశా. ఎడమ చివర ఒక్కచోట టేపు పెట్టి కొలత రాసుకుని గ్లాసు షాపుకి ఫోన్ చేసేశా.

వారం తర్వాత గ్లాసులు వచ్చాయి. చెల్లిది చక్కగా కూర్చుంది. నాది ఒక చివర దిగింది, రెండో చివర దిగలేదు. సందు అక్కడ 3 మిల్లీమీటర్లు తక్కువ. 'కొంచెం అరగదీస్తే సరి' అని షాపుకి తీసుకెళ్తే ఆయన నవ్వాడు. టఫెన్డ్ గ్లాసుని కోసి, బెజ్జాలు వేసి, ఆ తర్వాతే కొలిమిలో కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. గట్టిదనం దానికి అక్కడే వస్తుంది. ఆ తర్వాత అంచు కోయాలని చూస్తే మొత్తం గ్లాసు చిన్న చిన్న ముక్కలైపోతుంది. అంటే కొత్తది చేయించాల్సిందే. 950 రూపాయలు గోవిందా.

నాన్న ఏమీ అనలేదు. టేపు తీసి ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచి చూపించారు. రెండూ సమానంగా లేవు. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ సమానమైతేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. పదో తరగతి లెక్కల్లో కర్ణాలు చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నా. టేపు పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

స్క్రూలన్నీ విప్పి, మూలమట్టం పెట్టి మళ్లీ బిగించడానికి ఒకరోజు పట్టింది. అప్పుడు మూడుచోట్ల కొలిచి, అన్నిట్లోకీ తక్కువదాన్ని తీసుకుని, అందులోంచి ఇంకో 2 మిల్లీమీటర్లు తగ్గించి ఆర్డర్ ఇచ్చాం. వేస్టయిన గ్లాసు ఇప్పుడు అమ్మ పూజ అల్మరాలో అర. అమ్మ ఒక్కతే ఆ తప్పుకి సంతోషించింది.

అగరుబత్తి పరీక్ష

బల్ల గదిలోకి దిగింది. కంప్యూటర్లు పెట్టాం. ఒక్కో గదికి నాలుగు చొప్పున 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు. రెండు గాలి లాగడానికి, రెండు బయటికి నెట్టడానికి. బెల్ నొక్కా. అన్నీ తిరిగాయి. చప్పట్లు.

అరగంట తర్వాత చెల్లి రెండర్ పెట్టింది. ప్రాసెసర్ వేడి 94 డిగ్రీలు. చాలా ప్రాసెసర్లు ఆ దరిదాపుల్లోకి వెళ్తే తమని తాము కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటాయి. గ్లాసు తీస్తే 70కి దిగింది. మూస్తే మళ్లీ 90 దాటింది. అంటే లోపల ఫ్యాన్లు గాలి తిప్పుతున్నాయి గానీ, అదే వేడిగాలిని మళ్లీ మళ్లీ తిప్పుతున్నాయి.

నేను ఇంకో నాలుగు ఫ్యాన్లు ఆర్డర్ పెట్టబోయా. నాన్న అమ్మ దగ్గర అగరుబత్తి తీసుకొచ్చి వెలిగించారు. బల్ల చుట్టూ, ప్రతి బెజ్జం దగ్గరా, నాలుగంగుళాల దూరంలో పట్టుకుని పొగ ఎటు పోతుందో చూశారు. వెనకనుంచి వచ్చిన గాలి గోడకి కొట్టుకుని, బల్ల కిందనుంచి తిరిగొచ్చి, మళ్లీ లోపలికే పోతోంది! బల్లకీ గోడకీ మధ్య రెండంగుళాలే ఉంది మరి. పైగా నా గదిలోంచి వచ్చే వేడిగాలి మధ్య సందులోంచి చెల్లి గదిలోకి దూరుతోంది.

"పాతింట్లో కింద కిటికీ, పైన గూడు ఎందుకు పెట్టారనుకున్నావ్? రావడానికో దారి, పోవడానికో దారి. రెండూ ఒకచోటే పెడితే ఎలా?" అన్నారు.

మూడు మార్పులు చేశాం. బల్లని గోడకి ఆరంగుళాలు జరిపాం. గాలి లాగే ఫ్యాన్లని పెట్టె అడుగున ముందు భాగానికి మార్చాం, మన మోకాళ్ల దగ్గరి చల్లటి గాలి దొరికేలా. మధ్య సందులో వైర్లు పోయే బెజ్జాల చుట్టూ పాత చెప్పుల రబ్బరు కోసి మూసేశాం. కొత్త ఫ్యాన్ ఒక్కటీ కొనలేదు. అదే రెండర్, అదే గది, గ్లాసు మూసి 76 డిగ్రీలు.

ఇంకోటి. లాగే ఫ్యాన్లని నెట్టే ఫ్యాన్ల కంటే కాస్త వేగంగా పెట్టండి. అప్పుడు పెట్టె లోపల గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువుంటుంది, సందుల్లోంచి దుమ్ము లోపలికి పీల్చుకోదు. ఫ్యాన్లకి దుమ్ము జాలీ ఎలాగూ కావాలి. మన దగ్గర జాలీ ఇంకో కారణానికి కూడా తప్పదు. వెచ్చగా, చీకటిగా ఉన్న పెట్టె అంటే బొద్దింకలకీ బల్లులకీ ప్యాలెస్. ప్రతి బెజ్జానికీ సన్నటి జాలీ కొట్టేశాం.

కరెంటుతో ఆటలొద్దు

ఈ భాగం మాత్రం స్క్రోల్ చేసేయకండి.

ఒకటి. మామూలు క్యాబినెట్ రేకుది. అది పవర్ సప్లై ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. చెక్కకి ఆ గుణం లేదు. అందుకని మదర్‌బోర్డుని చెక్కకి స్క్రూలేసి బిగించేయకండి. పాత క్యాబినెట్ లోపలి రేకు పళ్లెం కోసి తెచ్చి, దాని మీద ఇత్తడి స్టాండాఫ్‌లు పెట్టి బోర్డు కూర్చోబెట్టండి. ఆ పళ్లేన్నీ, పవర్ సప్లై రేకు బాడీనీ వైరుతో కలపండి. గోడలో ప్లగ్గుకి నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

రెండు. పవర్ సప్లై డబ్బాని విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా అందులో కెపాసిటర్లు కరెంటు పట్టుకుని ఉండొచ్చు.

మూడు. ప్రాసెసర్ వేడికి చెక్క అంటుకోదు. చెక్క అంటుకోవాలంటే రెండొందల డిగ్రీలు దాటాలి. భయపడాల్సింది వదులుగా ఉన్న ప్లగ్గులకి, పాత ఎక్స్‌టెన్షన్ బాక్సులకి. వాటిని బల్ల లోపల దాచకండి. మేం 230 వోల్టుల బోర్డుని బల్ల పక్కన బయటే పెట్టాం, కంటికి కనపడేలా. కంప్యూటర్ బిగించేముందు మూలల్లో రంపపుపొట్టు రవ్వంత కూడా లేకుండా వాక్యూమ్ చేశాం.

నాలుగు. బెల్ స్విచ్ సంగతి. క్యాబినెట్ పవర్ బటన్ చేసేది ఒక్కటే పని: మదర్‌బోర్డు మీద రెండు పిన్నులని క్షణంపాటు కలపడం. అక్కడుండేది అయిదు వోల్టులకి మించని కరెంటు. నొక్కితే కలిసి, వదిలితే విడిపోయే ఏ స్విచ్ అయినా చాలు. కాలింగ్ బెల్ స్విచ్ సరిగ్గా అదే. మా పెంకుటింటి గుమ్మం దగ్గరిది నాన్న విప్పి తెచ్చుకున్నారు. దానికి గోడ కరెంటు మాత్రం పొరపాటున కూడా తగలకూడదు.

లెక్కలో లేని వరుస

అన్నీ అయ్యాక నేను ఫోన్‌లో లెక్క వేశా. ప్లైవుడ్ 3,900. గ్లాసులు, వేస్టయిన దానితో కలిపి 2,850. ఎనిమిది ఫ్యాన్లు 4,400. కోత మిల్లు 700. నట్లు, స్క్రూలు, కాళ్ల బిగింపులు 1,300. పాలిష్, జిగురు, గరుకు కాగితం 1,600. వైర్లు, జాలీ, రేకు పని 2,250. మొత్తం 17,000. టేకు మనదే.

"85 వేల బల్ల 17 వేలకే!" అని ఇంట్లో అందరికీ చూపించా. ఈ కాలమ్‌కి అదే హెడ్డింగ్ అనుకున్నా కూడా.

చెల్లి ఫోన్ తీసుకుని కిందకీ పైకీ జరిపింది. "నాన్న కూలి ఏదన్నయ్యా?"

"నాన్నకి కూలేంటే?" అన్నా.

"పోయిన నెల ఒక క్లయింటు నన్ను, 'చిన్న వీడియోనే కదా, ఫ్రీగా చేసిపెట్టు' అంటే నువ్వేమన్నావ్? నీ టైముకి రేటు వెయ్యకపోతే ఎవడూ వెయ్యడు అన్నావు కదా. మరి ఇదేంటి?"

నా దగ్గర సమాధానం లేదు. పదకొండు రోజులు ఎండలో పనిచేశారాయన. నా లెక్కలో ఫ్యాను జాలీకి వరుస ఉంది, ఆయనకి లేదు. 'మనదే' అన్న మాటలో టేకుతోపాటు ఆయన్ని కూడా కలిపేశా. సిగ్గేసింది. అప్పటికప్పుడు నాన్న నంబరుకి డబ్బు పంపబోతే ఆయన ఆపారు.

"డబ్బులు నీ దగ్గరుంటే ఏంటి, నా దగ్గరుంటే ఏంటి. ఆ కాయితంలో మాత్రం ఎయ్. నువ్వు పదిమందికి చూపిస్తావ్. చూసినోళ్లు ఏ వడ్రంగి దగ్గరికో ఎళ్లి, పదిహేడేలకే అయిపోద్దంట కదా అంటారు. ఆడి కూలి నువ్వు కొట్టేసినట్టు కాదా?"

నేను రోజుకి రెండు వేలు వేశా. వద్దన్నారు. "ఇక్కడ నడిచేది పన్నెండొందలు. తక్కువెయ్యకు, ఎక్కువా ఎయ్యకు." కాసేపాగి, "ఆ పదకొండులో ఒకరోజు నీ గ్లాసు తప్పుకి పోయింది. అదీ కలుపు. నువ్వు తప్పు చేసినా కూలోడు రోజంతా పనిచేశాడు" అన్నారు.

11 రోజులు, 1,200 చొప్పున 13,200. మొత్తం 30,200. ఈ బల్ల అసలు ధర అది. టేకు కొనాల్సి వస్తే ఇంకా పెరుగుతుంది. ఎవరైనా 17 వేలకే చేశామంటే, వాళ్లింట్లో ఎవరి కష్టమో లెక్కలోంచి పోయిందని అర్థం.

మీరూ చేస్తానంటే..

చిన్నగా మొదలుపెట్టండి. ఒక కంప్యూటర్, ఒక పెట్టె చాలు. చెక్క కోసేముందు అట్టపెట్టెలతో అదే సైజు బల్ల చేసి రెండు రోజులు కూర్చుని చూడండి. మానిటర్‌ని గ్లాసు మీద పెట్టకండి, వెనక చెక్కకి ఆర్మ్ బిగించండి. స్క్రీన్ పై అంచు మీ కంటికి సమానంగా, లేదా కాస్త కిందకి ఉండాలి. గ్లాసు అన్నిటికంటే చివర్లో ఆర్డర్ ఇవ్వండి. ఇంట్లో వడ్రంగి లేకపోతే మీ వీధిలో ఉంటాడు. డ్రాయింగ్ చూపించి 'ఇలా చెయ్' అనేకంటే, మీకేం కావాలో చెప్పి 'ఎలా చేద్దాం?' అని అడగండి. మా డ్రాయింగ్‌లో ఉన్నదానికంటే మంచి బల్ల మాకు అలాగే వచ్చింది.

మొన్న ఆదివారం పై ఫ్లాటు ఆయన వచ్చి బల్ల చూశారు. వాళ్లబ్బాయికి ఒకటి కావాలట, ఎంతవుతుందన్నారు. ఫోన్ తీసి లెక్క చూపించా. ఆయన కిందదాకా చదివి, "అన్నీ బావున్నాయి గానీ, కూలి కొంచెం ఎక్కువేసినట్టున్నారు కదండీ?" అన్నారు.

బాల్కనీలో నాన్న ఉలి నూరుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"లేదండీ, సరిగ్గానే వేశాం" అన్నాను.

చప్పుడు మళ్లీ మొదలైంది.